చిన్నపిల్లల నడుమ

మొన్న వేసవిలో చంద్రయ్య భార్యను వెంటబెట్టుకుని నల్గొండలో మా ఇంటికి వచ్చాడు. కరెంటు డిపార్ట్‌మెంటులో ఇంజనీరుగా చేసి ఎప్పుడో రిటైరయ్యాడు. పక్కపక్కన నిలబడితే మా ఇద్దరిలో ఎవరు పెద్దో చెప్పడం కష్టం. అయినా గుమ్మంలోనే వంగి నా కాళ్లకు దండం పెట్టి, భార్యతో "నాకు సైన్స్ అంటే ఏందో జెప్పింది గీ సుగుణక్కనే. అప్పటికి అక్క గూడ బడిపిల్లనే. పదో తరగతి సదువుకుంటనే మాకు జెప్పేది. ఎంత మంచి దినాలో!" అన్నాడు. ఆవిడ నన్ను ఎంతో గౌరవంగా చూసింది. నేను చాయ్ పెడతానని లోపలికి వెళ్లి, పాలగిన్నెను కావలసిన దానికంటే గట్టిగా పొయ్యి మీద పెట్టాను. ఈ వయసులో ఇంత కోపం నాలో మిగిలి ఉందని నాకే తెలియదు. మంచి దినాలేనయ్యా, మీకు. ఆ మాట అతని మొహం మీద అనలేదు. అమాయకంగా నవ్వుతున్న మనిషిని ఏమంటాం? బిస్కెట్లు పెట్టి పంపించాను. కానీ ఆ రోజు నుంచి దేవరకొండ బడి వరండా నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

మా ఇల్లు దేవరకొండలో ఖిల్లా కింది బజారులో ఉండేది. ముందు భాగం నాన్న దుకాణం, వెనక మేము. నాన్నను బాపు అనేవాళ్లం. చుట్టుపక్కల పల్లెల రైతులు ఆముదాలు, పల్లికాయ, కందులు బండ్ల మీద తెచ్చి బాపుకు అమ్మేవారు. ఇల్లంతా గోనెసంచులే. సంచుల మీద కూర్చుని అన్నం తిన్నాను, సంచుల మీదే ఎక్కాలు నేర్చుకున్నాను. మా అవ్వ, అంటే బాపు తల్లి, ఇంటికి కావలసిన ఆముదాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే తీసేది. గింజలు దోరగా వేయించి, రోట్లో దంచి, పెద్ద కాగులో నీళ్లు పోసి ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో నిదానంగా తీసుకునేది. ఆ పూట ఆ వాసన బజారు చివరిదాకా పోయేది. తీసిన నూనె మా అందరి నెత్తులకూ అవ్వ చేత్తోనే పట్టేది. తల రుద్దుతూ ఇంటి తీర్పులన్నీ చెప్పేది, ఎందుకంటే తల ఆమె గుప్పిట్లో ఉన్నప్పుడు ఎవరూ లేచి పోలేరు. నేను పెద్దమనిషినైన తర్వాత మొదటిసారి తలకు నూనె పెడుతూ "ఇగ బడి బంద్" అంది. అమ్మ వంటింట్లో నుంచి ఒక్కసారి తొంగిచూసి మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. నేను ఏడ్చాను. అవ్వ చేతులు ఆగలేదు.

నన్ను ఆ తీర్పు నుంచి తప్పించింది మా హెడ్‌మాస్టరు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఒకరోజు దుకాణానికి వచ్చి ఆముదాల సంచి మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"పిల్ల పెద్దగైంది సారూ" అన్నాడు బాపు. "మొగపోరగాండ్ల నడుమ ఎట్ల కూసుంటది?"

"పోరగాండ్ల నడుమ ఎందుకు కూసుంటది బాలయ్యా? చిన్నపిల్లల నడుమ కూసుంటది. నాలుగు, అయిదు తరగతులకు సైన్స్ జెప్పెటోళ్లు నాకు లేరు. సుగుణ జెప్తది. పేరు దాని తరగతి రిజిష్టర్ల ఉంటది, దాని సదువు దానికి నడుస్తది."

తలుపు ఇవతల నుంచి అవ్వ గొంతు లేచింది. "ఎప్పుడొచ్చి సూసినా చిన్నపిల్లల నడుమనే ఉండాలె సారూ. ఇంకెక్కడన్న కండ్లవడ్డదా, ఆడికెల్లే ఇంటికి తోల్కవస్త."

"నాది జిమ్మ అవ్వా" అని పూచీ పడ్డారు పెద్దసారు.

ఆనందంతో నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. పెద్దసారు మంచివారే, కానీ ఆయనకూ ఇబ్బంది ఉంది. అప్పుడప్పుడే ఉర్దూ చదువులు పోయి తెలుగు చదువులు వచ్చిన కాలం. ఉర్దూలో చెప్పగలిగిన సార్లు తెలుగులో తడబడేవారు. తెలుగు వచ్చినవాళ్లకు సైన్స్ రాదు. నాకు రెండూ కొద్దికొద్దిగా వచ్చు. ఆయన అవసరం, నా ఆశ ఒకదానికొకటి సరిపోయాయి. నా పాఠం నాకెవరు చెప్తారన్న సంగతి మాత్రం ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

బడి పొడుగునా ఒక వరండా. దాని చివర, పదో తరగతి గదిని ఆనుకుని నా జాగా. నేలంతా బండలు, పైన పెంకులు. సైన్స్ సామాను చెక్క బీరువాలో తాళం వేసి ఉండేది. ఏది పగిలినా జీతంలో పట్టుకుంటారని సైన్స్ చెప్పే ఖాదర్ సారు పదో తరగతికి తప్ప ఆ తాళం తీసేవారు కాదు. అందుకని నా సామాను నేనే కూర్చుకున్నాను. ఆముదపు ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. దాన్ని వంచి, ఎత్తు మీద పెట్టిన చెంబులో నుంచి కింది చెంబులోకి నీళ్లు వాటంతట అవే పారేలా చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. తెల్ల చామంతి కాడను ఎర్రసిరా నీళ్లలో పెట్టి, మర్నాటికి రేకలు ఎర్రబడితే, చెట్టు నీళ్లు ఎలా తాగుతుందో చెప్పేదాన్ని. పాడైన సైకిలు డైనమోలో నుంచి తీసిన అయస్కాంతం ఒకటి ఉండేది. దాన్ని వాళ్లు నాలాగే ఉర్దూలో మిఖ్నాతీస్ అనేవారు, నేను ఆ పేరుతోనే నేర్చుకున్నాను మరి. అన్నిటికంటే వాళ్లకు ఇష్టమైంది డబ్బా ఆట. ఖాళీ బిస్కెట్ డబ్బా అడుగున మేకుతో చిన్న బెజ్జం కొట్టి, మూతికి ఆముదం రాసిన కాగితం కట్టి, తల మీద దుప్పటి కప్పుకుని ఖిల్లా వైపు పెట్టి చూస్తే, ఖిల్లా కాగితం మీద తలకిందులుగా పడేది. "అక్కా, ఖిల్లా ఉల్టా అయింది!" అని ఒకటే కేకలు. చంద్రయ్య అయితే ఖిల్లాను సరిచేసి చూడాలని దుప్పటిలో తనే తలకిందులయ్యి, డబ్బాతో సహా దొర్లిపోయాడు.

నేను బాగా చెప్పేదాన్ని. అది గొప్పగా అనడం లేదు, నా మెడకు పడ్డ ఉచ్చు అదే. ఎంత బాగా చెప్తే అంత ఎక్కువ చెప్పమన్నారు. ముందు ఒక గంట అన్నారు, తర్వాత పొద్దంతా అయింది. ఎనిమిది, తొమ్మిది ఎలాగో గట్టెక్కాను. పదో తరగతికి వచ్చేసరికి లెక్కలు, తెలుగు ఇంట్లో చదువుకున్నా, సైన్స్ దగ్గర ఆగిపోయాను. తెలుగులో పుస్తకం ఇంకా మా ఊరికి రాలేదు. ఖాదర్ సారు ఉర్దూ పుస్తకం చూసి అప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పేవారు. ఆయన నోటి మాటే పుస్తకం. ఆ నోరు గోడకు అవతల ఉంది. తోటి మగపిల్లల దగ్గర వాళ్లు రాసుకున్న నోటుపుస్తకం అడగడమంటే బజారులో మాట పడడమే. అందుకని వాళ్ల సైన్స్ మొదలయ్యే మూడో గంట కొట్టగానే పిల్లలకు చూచిరాత ఇచ్చి, కిటికీ కింద గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. నేను అలా కూర్చుంటే చప్పుడు చేయకూడదని వాళ్లకు చెప్పకుండానే తెలిసిపోయింది. లోపల గాజుసీసాల గలగల, అగ్గిపుల్ల గీసిన చప్పుడు, టప్పుమని ఏదో పేలడం, మగపిల్లల నవ్వు. ఒకోసారి కుళ్లిన గుడ్ల వాసన వచ్చి మా పిల్లలు ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవారు. విన్నదంతా గుర్తుపెట్టుకునేదాన్ని. కానీ నల్లబల్ల మీద సుద్దముక్క గీసే చప్పుడు వినిపిస్తుంది, అది ఏం గీస్తున్నదో వినిపించదు కదా. నా పాఠానికీ నాకూ మధ్య ఒక గోడ, ఆ గోడకు నా వీపు. రోజూ అదే.

అర్ధ సంవత్సరపు పరీక్షలో హైడ్రోజన్ తయారు చేసే పద్ధతి బొమ్మ వేసి వివరించమన్నారు. విన్నది విన్నట్టు రాశాను, ఒక్క మాట తప్పు పోలేదు. సీసాలో జింకు ముక్కలు, గరాటులో నుంచి పోసే తేజాబు అనే ఆమ్లం, పక్క గొట్టంలో నుంచి వచ్చే వాయువు, అన్నీ రాశాను. బొమ్మ కూడా వేశాను. మర్నాడు ఖాదర్ సారు నా కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చి, పిల్లల మధ్య గొంతుకూర్చున్నారు.

"బేటీ, గీ గరాట ఏడ జూసినవ్?"

"మా దుకాణంల సార్. నూనె పోసేది."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "గీ కాడ పొట్టిగున్నది. హవా మొత్తం గీడికెల్లే బయటికి పోతది. మన గరాట కాడ గింత పొడుగుంటది, తేజాబుల మునగాలె." నా వైపు తిరిగి "అసలుది నువ్వు సూడనే లేదు గదా" అన్నారు.

"ఎట్ల సూడాలె సార్? నేను గోడకు ఇవతలున్న."

ఆయన మెత్తటి మనిషి, భయస్థుడు. పెద్దసారుకు ఎదురు చెప్పేవారు కాదు. కాగితం నా చేతిలో పెట్టి, ఒక పిల్లవాడి తల నిమిరి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా పిల్లలు ఆముదపు కాడలు, డబ్బా, మిఖ్నాతీస్ అన్నీ చూపించి గడగడా చెప్పేశారు. ఆయన ముగ్ధుడైపోయి, ఇలాంటి పద్ధతి తాలూకాలో ఎక్కడా చూడలేదని, దీన్ని ఆపకండని పెద్దసారుతో అన్నాడు. సాయంత్రం పెద్దసారు మా దుకాణానికి వచ్చి, "ఈ ఏడు పరీక్షకు కూసోవద్దు బిడ్డా. సైన్స్ల ఎనుకబడ్డవు. ఇంకో ఏడాది నిమ్మళంగ సదువు, పిల్లలకు చెప్పుకుంట ఉండు" అన్నారు. బాపు సంబరంగా తలూపాడు. అవ్వ నా తల రుద్దుతూ "మంచిగైంది. ఏడాది తిరిగేసరికి సంబంధం గూడ కుదురుతది" అంది. అప్పుడు నాకు నిజంగా ఊపిరాడలేదు. ఈ ఏడు పరీక్ష రాయకపోతే ఇక ఎప్పటికీ రాయను. నల్గొండ కాలేజీలో సైన్స్ చదవాలని, బీరువాలో ఉన్న సామాను నా చేత్తో పట్టుకోవాలని నేను లోలోపల ఎంత గట్టిగా అనుకుంటున్నానో ఆ పూటే నాకూ తెలిసింది. ఎవరినీ తిట్టడానికి లేదు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. మెచ్చుకుంటూనే నన్ను గోడకు ఇవతల కూర్చోబెడుతున్నారు.

మర్నాడు మూడో గంట కొట్టగానే నేను గోడకు ఆనుకోలేదు. లేచి నిలబడ్డాను.

"లేవుండ్రి. పలకలు పట్టుకోండ్రి. నా సుట్టు నడువుండ్రి."

"ఏడికక్కా?"

"పక్క రూముకు."

ముందు కొందరు, వెనక కొందరు, నడుమ నేను. అలాగే పదో తరగతి గదిలోకి పోయాం. మగపిల్లలు నోళ్లు తెరిచారు. ఖాదర్ సారు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "ఏంది బేటీ?" అన్నారు.

"సార్, నేను చిన్నపిల్లల నడుమనే ఉన్న" అన్నాను.

అవ్వ పెట్టిన షరతు బడిలో అందరికీ తెలుసు. ఆయన నన్ను చూశారు, పిల్లల్ని చూశారు, పెద్దసారు గది వైపు ఒకసారి చూశారు. తర్వాత పిల్లలతో "చప్పుడు జేస్తే బయటికి తోలుత, సమజైందా?" అన్నారు. మేం బల్ల ముందు నేల మీద కూర్చున్నాం. ఆ రోజు పాఠం అద్దాల గురించి. అయినా ఖాదర్ సారు బీరువా తాళం తీసి, పొడుగు కాడ ఉన్న గాజు గరాటు బయటికి తెచ్చి, "జర పైలం" అంటూ నా చేతిలో పెట్టారు. అది ఎంత తేలికగా ఉందో! కాడ నా మోచేతి దాకా వచ్చింది. దాన్ని తిరిగి ఇవ్వాలనిపించలేదు.

అప్పటి నుంచి రోజూ అలాగే వెళ్లాం. ఊళ్లో సంగతి దాగుతుందా? ఒకరోజు అవ్వ చేతికర్రతో తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. లోపల పాఠం ఆగిపోయింది. నా కుడి పక్క పిల్లలు, ఎడమ పక్క పిల్లలు, ఒకతి నా ఒడిలో తలపెట్టి నిద్రపోతోంది. అవ్వ నలువైపులా చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "పిల్లల నడుమనే ఉన్నది గదా" అని తనలో తనే గొణుక్కుంది, కాస్త నిరాశగానే. తర్వాత కర్రతో బల్ల మీది సీసాను చూపించి "గండ్ల ఏమున్నది సారూ?" అంది.

"హవా అవ్వా."

"హవాను సీసల బెట్టుడేంది, పనిలేకనా?" అని వెళ్లిపోయింది. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. పెద్దసారు రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగారు గానీ, అవ్వే ఒప్పుకున్నాక ఆయన చేసేది ఏముంది? నా పేరు పరీక్షకు పంపారు. రాశాను. సైన్స్‌తో సహా అన్నిట్లో పాసయ్యాను.

పాసైన రోజు బాపు మిఠాయి తెచ్చాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను తర్వాత ఎప్పుడూ చూడలేదు. "నువ్వు అడగకముందే పెద్దసారుతోటి మాట్లాడొచ్చిన బిడ్డా. గా బడిలనే నీకు నౌకరి. ఇగ నువ్వు పంతులమ్మవు. సంబంధం సంగతి గూడ జర ఆగుదాం అన్న, అవ్వ సరేనన్నది" అన్నాడు. తన చేతనైనంత గొప్ప బహుమతి తెచ్చానని ఆయన అనుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, నిజంగానే తెచ్చాడు.

"నేను నల్గొండ పోయి కాలేజీల సదువుత బాపు" అన్నాను.

బాపుకు కోపం రాలేదు. నా తల మీద చెయ్యి వేసి, ఎంతో నెమ్మదిగా, వెటకారం ఏమాత్రం లేకుండా అడిగాడు. "కాలేజీల నీ సుట్టు కూసునెటందుకు చిన్నపిల్లలు ఏడికెల్లొస్తరు బిడ్డా?"

నా తెలివి నాకే అడ్డం తిరిగింది. షరతు తప్పని బాపుతో నేను ఒక్కనాడూ అనలేదు. షరతుకు లోబడే ఉన్నానని అందరి ముందు రుజువు చేసి చూపించాను. ఇక ఏమని వాదించను?

ఆ తర్వాత పెళ్లయింది, ఊళ్లు మారాను, బళ్లు మారాయి. రిటైరయ్యేదాకా చిన్న తరగతులకే చెప్పాను. ఇప్పుడు సైన్స్ ప్రదర్శనలకు నన్ను పిలిచి శాలువా కప్పుతుంటారు. పెద్ద తరగతి ఆడపిల్లలు ఛాతీ మీద బ్యాడ్జీలు పెట్టుకుని చిన్నవాళ్లకు ప్రయోగాలు చూపిస్తుంటారు. ఇప్పటి పిల్లలకు గాజు సామాను ముట్టుకునే స్వేచ్ఛ ఉంది, ఎవరి పక్కన కూర్చున్నారని అడిగే అవ్వలు లేరు. చూస్తే కడుపు నిండుతుంది. అయినా వాళ్ల టీచర్లను పట్టుకుని ఒకటే అడుగుతాను: ఈ పిల్ల ఇక్కడ చెప్తున్న సేపు, దాని పాఠం దానికి ఎవరు చెప్తున్నారమ్మా? ముసలావిడ ఏదో అంటోందని నవ్వుతారు. చంద్రయ్య మీద నాకు కోపం లేదు. ఆ పిల్లలంటే నాకు ప్రాణం. ఆ వరండా తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఊపిరాడదు. రెండూ నిజమే, ఒకటి నిజమని రెండోది అబద్ధం కాదు.

ఆ జూన్‌లో బడి తెరిచిన రోజు చెప్పి ముగిస్తాను. కొత్త నేత చీర కట్టుకుని, ఈసారి పంతులమ్మగా అదే వరండాలో, అదే గోడ పక్కన కూర్చున్నాను. కిందటేడు నాలుగులో ఉన్నవాళ్లు అయిదుకు వచ్చారు. మూడో గంట కొట్టారు. నేనేమీ చెప్పకుండానే వాళ్లు లేచి, పలకలు చంకన పెట్టుకుని, పదో తరగతి గది వైపు నడిచారు. కొత్తగా వచ్చిన పిల్లలు కూడా వాళ్ల వెంట లేచారు. అందరికంటే ముందున్న పిల్ల నేను రాకపోవడం చూసి వెనక్కి తిరిగింది.

"రా అక్కా, సారు షురూ జేస్తడు."

"ఇగ మనం ఆడికి పోవద్దు. వచ్చి కూసోండ్రి" అన్నాను.

"ఎందుకక్కా?"

దేనికైనా ఎందుకని అడగమని వాళ్లకు నేర్పింది నేనే. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పడానికి సిగ్గుపడొద్దని నేర్పిందీ నేనే. వాళ్లంతా నిలబడి నా వంకే చూస్తున్నారు. జవాబు నాకు తెలుసు. తెలియదన్నాను.